చెరువుకట్టలు, ఆనకట్టలు, గుత్తపనులు

 నేను అద్దంకి ప్రాంతపువాడను. మా సీమలో గుత్త యను మాట నెఱుగని రైతు లేడు. చింతతోపు ఫలసాయమును గుత్తకు ఇత్తుము. చెరువులోని చేపలను గుత్తకు ఇత్తుము. సంతలో ఆశీలు వసూలు చేసికొను హక్కును పాట పెట్టి గుత్తకు ఇత్తుము. చెరువుకట్టకు మట్టి పోయుటయు, బడికి గోడలు లేపుటయు గుత్తకే ఇచ్చుచున్నాము. మాట ఒక్కటే యగుటచేత ఈ రెండు విధముల వ్యవహారమును ఒక్కటే యని తోచును. కాని మొదటి దానిలో మన సొత్తును మనము అమ్ముకొనుచున్నాము. రెండవ దానిలో ఒకని శ్రమను, సరకును, నేర్పును కొనుచున్నాము. మిరపకాయల బస్తాను కొనువాడు పైపొరను చూచి ధర చెప్పడు. మూతి విప్పి అడుగువఱకు చేయి చొనిపి, నాలుగు కాయలు తీసి విఱిచి, తాలు ఎంత, తేమ ఎంత యని చూచును. ప్రత్తి కొనువాడు పింజను వ్రేళ్ళతో లాగి చూచును. ఊరి పనిని గుత్తకిచ్చు నప్పుడు మనము ఎవ్వరము అటుకను విఱిచి చూచుట లేదు. ఈనాటి నా ప్రసంగము ఈ కొనుగోలును గూర్చి, మన దేశములో అది పూర్వమునుండి నడచిన తీరును గూర్చి.

అద్దంకి చిన్న ఊరు కాదు. 848వ సంవత్సరమునాటి పండరంగని శాసనము ఇచ్చటిదే. 14వ శతాబ్ది పూర్వార్ధమున ప్రోలయ వేమారెడ్డికి ఇది రాజధాని. ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించిన ప్రభువుగా వేమారెడ్డి ప్రసిద్ధుడు. ఆ వంశమువారు తరువాత కొండవీటికి పోయిరి. పెదకోమటి వేమారెడ్డి దేవి సూరాంబ 1409లో ఫిరంగిపురమున సంతానసాగరమను చెరువును త్రవ్వించినది. రాజులు, రాణులు కట్టించిరని మనము చదువుకొందుము. కాని రాయిని కొండనుండి దింపినవాడు, మట్టిని తట్టకెత్తినవాడు, తూమును అమర్చినవాడు వేఱు. వారిని పిలిచి, పని ఒప్పగించి, కొలిచి, కూలి యిచ్చిన యేర్పాటు ఒకటి యుండి తీరవలెను.

ఆ యేర్పాటును కొంత విప్పి చెప్పిన శాసనము కడప సీమలోని పోరుమామిళ్ళలో గలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యమును ఏలుచు 1369లో అచ్చట పెద్ద చెరువు కట్టించెను. సంస్కృతములో నున్న ఆ శాసనము చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు గలవని లెక్కించి చెప్పుచున్నది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది, ఆనుకొనుటకు కొండ, బిగువైన రాతికట్ట, లోతును విరివియు గల గర్భము, నిడుపైన తిన్నని రాళ్ళు దొఱకు గని, కట్టడపు పనిలో ఆరితేరిన జనసమూహము: ఇవి ఆ అంగములలోనివి. పెద్దలు ఒకటి గమనింపవలెను. రాతిగనియు, పనివాండ్రును చెరువుకు అంగములే యట! అనగా సరకు ఎక్కడ దొఱకునో, పని ఎవరు చేయుదురో తేల్చుకొనక ముందు చెరువు తలపెట్టరాదని ఆ శాసనము వ్రాయించినవాని అభిప్రాయము. కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందు ఉండుట, గర్భము నడుమ మెరక ఉండుట దోషములు. పొలిమేర దోషమునకు అర్థము నాకు బాగుగ తెలియును. రెండు ఊళ్ళ నడుమనున్న చెరువును ఏ ఊరివారును బాగుచేయరు. ఆ చెరువు పనికి వేయిమంది కూలీలు, నూఱు బండ్లు నిత్యము పనిచేయగా రెండేండ్లకు ముగిసినదని కూడ అందే గలదు. ఈ లెక్కను రాతిమీద చెక్కించిన ప్రభువు ఖర్చు నెఱిగినవాడు.

ఇది ప్రభువు స్వయముగా చేయించిన పని. ప్రభువు బొక్కసములో సొమ్ము లేనిచోట మఱియొక పద్ధతి నడచినది. దానిని దశబంధ మందురు. ఒక ధనవంతుడో, గుడి ధర్మకర్తయో తన సొంత ఖర్చుతో చెరువు కట్టును, లేదా గండిపడిన చెరువును పూడ్చి బాగుచేయును. అందులకు ప్రతిఫలముగా రొక్కము ఈయరు. ఆ చెరువు క్రింద సాగగు భూమిలో కొంత యినాముగా ఇత్తురు; లేదా దానిక్రింద వచ్చు శిస్తులో ఒక భాగము విడుతురు. భూమిని విడదీసి యిచ్చిన ఖండ దశబంధ మనియు, ఆదాయములో భాగ మిచ్చిన షామిలాతు దశబంధ మనియు తరువాతి దొరతన మువారు వాడుకచేసిరి. కడప, చిత్తూరు, అనంతపురము సీమలలో ఇవి యెక్కువ. షరతు ఒక్కటే: చెరువును బాగుగ నుంచినంతకాలము ఇనాము, మానినచో ఇనామును తిరిగి తీసికొందురు.

ఈ దశబంధమును నేను చాల మెచ్చుకొందును. ఏలన, ఇందులో పని పట్టినవాని లాభమును, ఊరి లాభమును ఒకే తూములోనుండి పాఱును. చెరువు నిండినచో వాని పొలము పండును. కట్ట తెగినచో ముందుగ ఎండునది వాని మడియే. అట్టివానికి కట్ట ఎంత బిగువుగ ఉండవలెనో ఓవర్సీరు చెప్పనక్కఱలేదు. తిరుపతి దేవస్థానమువారు కూడ 15, 16 శతాబ్దులలో భక్తు లిచ్చిన రొక్కమును తమ గ్రామములలో చెరువులు, కాలువలు బాగుచేయుటకు వెచ్చించి, పెరిగిన పంటనుండి ఆ దాత పేర నైవేద్యము జరిపిరి. అదియు ఇట్టి యుక్తియే. అయితే దీనికొక హద్దు కలదు. చిన్న చెరువుకు, బావికి, వాగు కాలువకు ఇది చెల్లును గాని, కృష్ణవంటి నదికి అడ్డుకట్ట వేయుటకు ఏ ఊరి శ్రీమంతుడు పూనుకొనగలడు?

కుంపిణీ దొరతనములో ఈ పాత కట్టుబాట్లు సడలినవి. చెరువుల బాగు మరామత్తు ఖాతాకు పోయినది. జిల్లా కలెక్టరు శిస్తు వసూలు చేయుచు, కచ్చేరి నడుపుచు, ఆ నడుమ చెరువులను కూడ చూడవలసి వచ్చినది. అంచనాలు తాలూకాలలో వ్రాయబడెను. పనులు గుత్తదారులకు పోయెను. కొలుచుటకు చాలినంతమంది తెలిసినవారు లేరు. 1832-33లో నందన కరువు వచ్చినది. మనవారు దానినే డొక్కల కరువందురు. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనములో లక్షన్నరకు పైగా నశించిరి. కృష్ణ నిండుగా ప్రవహించి సముద్రములో కలియుచుండగా దాని యొడ్డున జనము పడిపోయిరి. ఈ మరామత్తు తీరును విచారించిన మద్రాసు పబ్లిక్ వర్క్సు కమీషను 1852లో తన నివేదికలో తీవ్రముగ ఖండించినది. తరువాతనే ప్రత్యేకమైన పబ్లిక్ వర్క్సు శాఖ ఏర్పడినది. 1858లో మఱియొక శాసనమును చేసిరి. గండ్లు పడినపుడు రైతులు మామూలు ప్రకారము తమ శ్రమ నీయవలెననియు, ఈయనిచో ఆ ఖర్చు రాబట్టవచ్చుననియు దాని సారము. కుడిమరామత్తు చట్టమని దానికి వాడుక. పెద్దలలో కొందఱు ఆ మాటను తాతల నోట వినియుందురు.

ఇక గోదావరి ఆనకట్ట. దీనిని కట్టిన ఆర్థరు కాటనుగారిని గూర్చి మీకు నేను చెప్పనక్కఱలేదు. పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలమీద నాలుగు ముక్కలుగా కట్టిరి. ఈ పనిని ఆయన ఒక పెద్ద గుత్తదారునకు అప్పగింపలేదు. మన పాతమాటలో చెప్పవలెనన్న అది అమానీ పని. ఇంజనీర్లు, ఓవర్సీర్లు తామే నిలిచి, వేలకొలది కూలీలకు తామే కూలి యిచ్చి చేయించిరి. వడ్రంగులను, కమ్మరులను పనిచోటనే కూర్చుండబెట్టిరి. ధవళేశ్వరపు కొండ రాయిని కమ్ములమీద బండ్లతో దింపిరి. కూలీలను సమకూర్చి పనిలో నిలుపుటయందు వీణెం వీరన్నగారి సాయము కాటనుగారికి ఎంతో ఉపయోగపడినది.

అమానీ యేల చేసిరి? నది యిసుక ఎంత లోతో ఎవనికి తెలియదు. వరద ఎన్నడు వచ్చునో, కట్టినదానిలో ఎంత కొట్టుకొనిపోవునో తెలియదు. ఇట్టి పనికి గుత్తదారుని ధర చెప్పుమన్నచో, వాడు తెలివిగలవాడైన యెడల తన భయమునంతయు ధరలో కలిపి చెప్పును. తెలివిలేనివాడైన యెడల తక్కువకు ఒప్పుకొని నడుమ వదలి పాఱిపోవును. రెండును ఊరికి నష్టమే. పని పరిమాణమే తెలియనిచోట గుత్త పనికిరాదు. కాటనుగారి మొదటి అంచనాను కూడ ఖర్చు చాల మించినది. కాని మించిన ప్రతి రూపాయియు ఎక్కడ పడినదో ఆయన కన్నులయెదుటనే యుండెను. ఆయన యొద్ద పని నేర్చిన కెప్టెను ఆర్‌గారు 1852 మొదలు 1855 వఱకు బెజవాడ, సీతానగరము కొండల నడుమ కృష్ణ ఆనకట్టను కట్టిరి. అది 1952లో గండిపడువఱకు దాదాపు నూఱేండ్లు నిలిచినది. ఆ పిదప 1957లో దానికి బదులుగా ప్రకాశము బ్యారేజి వచ్చినది.

ఇప్పుడు చెప్పబోవు కథను కాటనుగారి భక్తులు అంతగా తలపెట్టరు. గోదావరి విజయము చూచి, ఆయనయే తుంగభద్ర నీటిని రాయలసీమ మీదుగా పెన్నకు తెచ్చు గొప్ప యోచన ఒకటి చెప్పిరి. దొరతనమునకు అంత సొమ్ము పెట్టుటకు మనసు లేదు. అందుచే 1858లో ఇంగ్లండులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను పేర ఒక సంఘము ఏర్పడి పని పట్టినది. కర్నూలుకు ఎగువ సుంకేసుల వద్ద ఆనకట్ట, అచ్చటినుండి కడపకు నూటతొంబది మైళ్ళ కాలువ. వాటాదార్లు పెట్టు పది లక్షల పౌనులమీద నూటికి అయిదు వడ్డీ దొరతనమువారు పూచీ పడిరి. మన లెక్కలో అది కోటి రూపాయలు. పని బాగైనను, చెడినను, కాలువలో నీరు పాఱినను, పాఱకున్నను ఆ వడ్డీ వచ్చితీరును. ఆనాడు రైలు కంపెనీలకు కూడ ఇట్టి పూచీలే యిచ్చుచుండిరి.

ఏమి జరిగినదో పెద్దలు ఊహింపగలరు. దశబంధములో కట్ట తెగినచో కట్టినవాని మడి యెండెడిది. ఇచ్చట కాలువ తెగినను కట్టినవానికి వడ్డీ తప్పదు. దారి మొదట నిశితముగ కొలువబడలేదు. వాగులను దాటించు కట్టడములు అనుకొనినదానికంటె బరువైనవి. పెట్టిన కోటియు 1866 నాటికి అయిపోయినది; పని నడుమలో నున్నది. పని నిలిచిపోయినచో పెట్టినదంతయు మట్టిపాలు. దొరతనమువారు మఱియొక ఆరు లక్షల పౌనులు అప్పిచ్చిరి. నడుమ చేయి చిక్కినవాని గతి యింతే: పని పట్టినవాడు అడిగినంత ఈయక తప్పదు. 1871 నాటికి కాలువలోనికి నీరు వచ్చినది.

అప్పుడు తెలిసిన సంగతి మఱింత చిత్రము. ఆ కాలువ పోవు నేలలో చాలభాగము నల్లరేగడి. రేగడిలో జొన్న, ప్రత్తి వేయువాడు కాలువ నీటికి పన్ను కట్టి వరి నాటుటకు ముందుకు రాలేదు. రేగడి తన చెమ్మను తానే దాచుకొనును. ఎక్కువ నీరు పెట్టిన చెడును. మా అద్దంకి రైతునడిగిన అరగడియలో చెప్పియుండును. లండనులో వాటాలు కొన్నవారు ఆ మాట ఎవ్వరినడుగుదురు? మంచియేండ్లలో నీటికి గిరాకి లేక, ధాత కరువువంటి చెడ్డయేండ్లలో మాత్రము రైతులు కాలువ వైపు పరుగెత్తిరి. వచ్చిన ఆదాయము వడ్డీకి చాలలేదు. తుదకు 1882లో దొరతనమువారు కంపెనీని కొని కాలువను తాము తీసికొనిరి. ఇంకను ముందుకు పోవలసిన మహాయోచన కడపతో ఆగినది.

అదే మనుష్యుని తలపు, అదే తెలుగుదేశము, అవే గడ్డపారలు. గోదావరి యొద్ద పని యిచ్చువాడే పనిదగ్గఱ నిలిచెను. తుంగభద్ర యొద్ద పని యిచ్చువాడు వడ్డీ పూచీ వ్రాసియిచ్చి దూరముగ తొలగెను. తనిఖీకి అధికారులు లేకపోలేదు. కాని సొమ్ము పోవుననెడు భయము లేనివానిని తనిఖీ ఎంతవఱకు త్రిప్పగలదు?

చిన్నపనికి వత్తము. మా ఊరి చెరువుకట్టకు ఒకమాఱు మట్టి పోయించిరి. ఊరివారు ఒక గుత్తదారుతో మొత్తము మీద ఇంతయని బేరము చేసికొనిరి. పని ముందు కట్ట యెత్తు ఎంతయో, వెడల్పు ఎంతయో ఎవరును వ్రాసికొనలేదు. ఆయన మట్టి పోయించెను. పోసినది గరువుమట్టి కాదు, దగ్గఱలో దొఱికిన రేగడి. నీరు చల్లి దిమ్మిసాతో కొట్టనులేదు. ఆ వేసవికి కట్టమీద చేయి పట్టునంత బీటలు విచ్చినవి. తగవు వచ్చినది. నేను పోసిన మట్టి యింత యని ఆయన, అంత లేదని ఊరివారు. పాతకట్ట లోపల ఉన్నది, క్రొత్తమట్టి పైన ఉన్నది. రెంటినడుమ గీత యెక్కడ? చివరకు పూర్తి సొమ్ము ఇచ్చి చేతులు దులుపుకొనిరి.

మట్టిపనిలో పుట్టి పెరిగిన వడ్డెరలకు ఈ తగవు తెలియదు. వారు గోతి త్రవ్వునపుడు నడుమనడుమ త్రవ్వకుండ మట్టి దిమ్మెలు విడుతురు. ఆ దిమ్మె తల మీద పాత గడ్డి అట్లే యుండును. దిమ్మె ఎత్తు కొలిచినచో గోతి లోతు తేలును. పొడవు వెడల్పులతో గుణించినచో త్రవ్విన మట్టి తేలును. కొలత వ్రాసికొని, సొమ్ము ముట్టిన పిదపనే దిమ్మెను కూలగొట్టుదురు. కట్టమీది మట్టిని కొలువలేకున్నను, అది వచ్చిన గోతిని కొలువవచ్చును. పని యిచ్చువానికి, చేయువానికి నడుమ అబద్ధమాడని సాక్షి ఆ దిమ్మె. పబ్లిక్ వర్క్సు శాఖలో కొలతల పుస్తకమను దానిని ఎంతో గౌరవముగ చూతురు; దానిలో వ్రాసినది చెరిపివేయరాదు, పుట చింపరాదు. ఆ పుస్తకమునకు తాత ఈ మట్టిదిమ్మె.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. సిమెంటు, విదేశపు యంత్రములు ప్రియమైన ఆ దినములలో రాతికట్టడమునే యెన్నుకొని, మన మనుష్యుల చేతులతోనే అంతటి డ్యాము కట్టిరి. ఏ సరకు మనకు చౌక, ఏది ప్రియము అని ముందుగ ఆలోచించుట కూడ కొనుగోలు విద్యయే. కుడికాలువనుండి చీలిన అద్దంకి శాఖాకాలువ మా సీమకు ఆ నీటిని తెచ్చినది.

2004 తరువాత జలయజ్ఞమను పేర మన రాష్ట్రములో ఎన్నో నీటిపనులు ఒక్కసారిగ తలపెట్టబడెను. వానిలో చాలవానికి ఇ.పి.సి. యను పద్ధతిని వాడిరి. సర్వే, నమూనా, సరకు, కట్టడము అన్నియు ఒకే గుత్తదారు మొత్తపు ధరకు చేయవలెను. మాట వినుటకు బాగున్నది. ఒకడే బాధ్యుడు, ధర స్థిరము. కాని 2012లో వెలువడిన కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు నివేదిక, సమగ్రమైన పరిశోధన ముగియకముందే పనులు ఒప్పగించిరనియు, భూమి చేతికి రాకముందే, అనుమతులు దొఱకకముందే ఒడంబడికలు జరిగినవనియు తప్పుపట్టినది. దారి కొలువక కాలువకు ధర కట్టుట సుంకేసుల నాటి సంగతియే గదా.

గుండ్లకమ్మ మా నది. మల్లవరము వద్ద దానిమీద రిజర్వాయరు కట్టి 2008లో ప్రారంభించిరి. ఎనుబదివేల యెకరములకు నీరీయవలెనని సంకల్పము. 2022 ఆగస్టు నెలాఖరున ఒక రాత్రి దాని ఇనుప తలుపులలో ఒకటి కొట్టుకొనిపోయినది. నిలిపిన నీరు సముద్రము దారి పట్టినది. 2023 డిసెంబరు తుపానులో మఱియొక తలుపు పోయినది. రాతికట్టడమునకును, ఇనుప తలుపునకును ఒక భేదము కలదు. రాయిని కొన్నచో ఒకమాఱే కొందుము. నీటిలో నిలిచిన ఇనుమును ఏటేట కొనుచుండవలెను: తుప్పు గోకుట, రంగు పూయుట, ఇనుప త్రాళ్ళకు కందెన పెట్టుట, అరిగిన భాగములు మార్చుట. ఈ ఖర్చు మొదటి టెండరు ధరలో కనబడదు. కట్టినవాని పూచీకి గడువు కొన్ని యేండ్లు. ఆపైన కాపు ఎవరిది, సొమ్ము ఏ పద్దులోనిది అని వ్రాయు పుటను ఒడంబడికలలో మనవారు త్వరగా త్రిప్పివేయుదురు. దశబంధపు ఇనాములో ఆ గడువు అను మాటయే లేదు. చెరువు నిలిచినంతకాలమే ఇనాము.

రెండవ తలుపు పోయిన పిదప గుండ్లకమ్మ క్రింది రైతులు కొందఱు మిరపతోటలకు నీరు లేక నూనె ఇంజన్లతో గుంటలలోని నీటిని తోడుకొనిరి. తలుపులకు మరమ్మతు జరుగువఱకు గర్భములో నిండుగ నీరు నిలుపుటకు వీలులేకపోయెను.